వంశధారలో మొదటిసారి తెడ్డు పట్టేవాళ్ళకు

దీపావళి వెళ్ళిందంటే చాలు, నాకు ఒకే ప్రశ్న నాలుగైదు రకాలుగా వస్తుంది. "అన్నా, మేం నలుగురం వస్తాం, వంశధారలో కయాక్ వేసుకుని ఒక పూట తిరగొచ్చా?" "ఈత రాదు, పర్వాలేదా?" "గుణుపూర్లో దిగితే కాశీనగర్ చేరడానికి ఎన్ని గంటలు?" పర్లాకిమిడి వాళ్ళు, పాతపట్నం వాళ్ళు, బరంపురంలో చదువుకునే పిల్లలు, అందరూ ఇదే అడుగుతారు. కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని, రెండు పక్కలా తెడ్డు వేసుకుంటూ వెళ్ళే సన్నటి చిన్న పడవ. ఫోన్లో చెప్పినప్పుడల్లా ఏదో ఒకటి మర్చిపోతున్నాను. నీళ్ళ విషయంలో మర్చిపోయిన ఆ ఒక్కటే మీదికి తెస్తుంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

మొదటి ప్రయాణం ఐదారు కిలోమీటర్లు మించకూడదు. మధ్యలో ఆగుతూ, ఇసుకలో దిగి లాగుతూ వెళ్తే దానికే మూడు గంటలు పడుతుంది. ఒడిశాలో నది ఒడ్డునే ఉన్న గుణుపూర్ నుంచి కాశీనగర్ దాకా ఒక్క పూటలో కొత్తవాళ్ళు చేసే పని కాదు. ఆ మధ్యలో ఒక మంచి ముక్క చూసుకుని, పొద్దున్న దిగి మధ్యాహ్నం రెండు లోపు ఒడ్డున ఉండాలి. కింద రాసినదంతా ఈ లెక్క మీదే.

ఎప్పుడు వెళ్ళాలి

వంశధార వానాకాలంలో వాన నది. కలహండి కొండల్లో పుట్టి, రాయగడ, గజపతి జిల్లాల మీదుగా వచ్చి, శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసేలోపు ఎన్నో గెడ్డలను, అంటే కొండవాగులను, కలుపుకుంటుంది. వానలు ఆగాక మాత్రం ఇందులో పారేది చాలావరకు ఊట నీరే. కొండల్లో ఇంకిన వాన, రాతి పగుళ్ళలోంచి నెలల తరబడి కొద్దికొద్దిగా బయటికొస్తుంది. అందుకే డిసెంబర్‌లో నీరు తేటగా ఉంటుంది, వడి నిలకడగా ఉంటుంది, ఇవాళ చూసిన మట్టం రేపు కూడా దాదాపు అంతే ఉంటుంది. కొత్తవాళ్ళకు కావలసింది ఈ నిలకడే.

డిసెంబర్ మొదటి వారం నుంచి సంక్రాంతి దాకా నేను సరే అంటాను. సంక్రాంతి దాటాక నీరు తగ్గుతూ పోతుంది, పడవ ఎక్కినదానికంటే మోసింది ఎక్కువవుతుంది. మార్చి తర్వాత మడుగులే మిగులుతాయి.

అక్టోబర్‌లో మాత్రం వద్దు. దసరా సెలవులున్నాయని చాలామంది అప్పుడే అడుగుతారు. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న విశాఖ దగ్గర. 2018లో తిత్లీ అక్టోబర్ 11న పలాస దగ్గర. తిత్లీకి గజపతి జిల్లాలో కొండలు జారాయి, గెడ్డలన్నీ ఒక్కసారిగా పొంగాయి. ఆ రోజుల్ని చూసినవాళ్ళెవరూ అక్టోబర్‌లో పడవ మాట ఎత్తరు. నవంబర్‌లోనూ తుపాను కబురు ఉంటే ఆ వారం వదిలేయండి.

కావలసినవి

పడవ: గాలి నింపే కయాక్ గానీ, పైన కూర్చునే రకం గట్టి కయాక్ గానీ. లోపలికి కాళ్ళు దూర్చి కూర్చునే రకం కొత్తవాళ్ళకు వద్దు. తిరగబడితే బయటికి రావడం ముందే నేర్చుకోవాలి. గాలి పడవకు రైలెక్కించే వీలుంటుంది, అది చాలా కలిసొచ్చే విషయం. పంపు, అతుకు వేసే సామాను మర్చిపోవద్దు.

లైఫ్ జాకెట్, మనిషికొకటి. ఇక్కడ బేరం లేదు. లేబుల్ మీద తేలే శక్తి న్యూటన్లలో రాసి ఉంటుంది. 50 అని ఉన్నది ఈత బాగా వచ్చినవాళ్ళకు. ఈత రానివాళ్ళకు 100 ఉండి, తల వెనక కాలర్ ఉన్నది తీసుకోండి. లేబుల్ చిరిగిపోయి ఉంటే ఆ జాకెట్ వద్దు.

తెడ్డు మనిషికొకటి, మొత్తం మీద ఒకటి ఎక్కువ. కయాక్ తెడ్డు 220 నుంచి 240 సెంటీమీటర్ల మధ్య సరిపోతుంది.

నీటి మీద తేలే తాడు 15 నుంచి 20 మీటర్లు, సంచిలో వదులుగా కుక్కి పెట్టుకోవాలి. ఈల మనిషికొకటి, జాకెట్‌కే కట్టి ఉండాలి. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు. హవాయి చెప్పులు మొదటి ఐదు నిమిషాల్లోనే కళింగపట్నం దారి పడతాయి.

తాగే నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, బెల్లం, పులిహోర. పొడి బట్టలు ఒక జత. నీరు దూరని సంచి లేకపోతే రెండు మందపాటి పాలిథీన్ కవర్లలో ఒకదాని మీద ఒకటి చుట్టి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఫోన్ వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో పెట్టి మెడకు కాకుండా జాకెట్ జేబులో దాచుకోవాలి.

వీటిలో జాకెట్ ఒక్కటి లేకపోయినా ప్రయాణం లేదు. మిగతావాటికి ఏదో ఒక సర్దుబాటు ఉంటుంది.

1. మ్యాప్‌లో ముక్క ఎంచుకోండి

ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి గుణుపూర్ నుంచి కిందికి చూసుకుంటూ రండి. నది విశాలంగా, ఇసుక తిన్నెలు కనిపిస్తూ, రోడ్డు గానీ ఊరు గానీ ఒడ్డుకు దగ్గరగా ఉన్న చోటు కావాలి. రాళ్ళ మధ్య తెల్లగా నురగ కనిపిస్తే అది మీకు కాదు. నది రెండు మూడు పాయలుగా చీలిన చోట ఏ పాయలో నీరు ఎక్కువో గుర్తు పెట్టుకోండి. శాటిలైట్ ఫోటో పాతదై ఉండొచ్చు, వరదకు పాయలు మారిపోతాయి. కాబట్టి మ్యాప్ చూడటం మొదటి పని మాత్రమే.

బ్యారేజీ దగ్గరికి వెళ్ళకండి. దిగువన హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఉంది. దాని గేట్లకు ఎగువనైనా దిగువనైనా కొత్తవాళ్ళకు పని లేదు. అలాగే ఎగువన ఉపనదుల మీద బడనాల, హరభంగి డ్యామ్‌లు ఉన్నాయి. నీళ్ళు వదులుతున్నారని ఊళ్ళో మాట వినిపిస్తే ఆ రోజుకు ఆపేయండి.

మల్కన్‌గిరి వైపు వెళ్దామా అని కొందరు అడుగుతారు. అక్కడ సతిగుడ జలాశయంలో మొసళ్ళున్నాయి. మొదటి ప్రయాణానికి అటు వద్దు.

2. ఒడ్డు వెంట నడవండి

ఈ పని ఎవరూ చేయరు. అందుకే ఎక్కువ రాస్తున్నాను.

ముందు రోజు గానీ, వారం లోపు ఏదో ఒక రోజు గానీ, ఎంచుకున్న ఐదారు కిలోమీటర్లూ ఒడ్డు వెంట కాలినడకన చూడండి. బైక్ మీద రోడ్డు పట్టుకుని పోతూ చూడటం చూడటం కాదు. నడుస్తున్నప్పుడు వెతకాల్సినవి ఇవి.

ఇసుక గోతులు. మిషన్లతో ఇసుక తవ్విన చోట మోకాలి లోతు నీరు ఒక్క అడుగులో పీకల్లోతు అవుతుంది. పైనుంచి చూస్తే నీరు అక్కడ ముదురు ఆకుపచ్చగా, కదలిక లేనట్టు ఉంటుంది. పడవలో వెళ్తే ఇబ్బంది లేదు. పడవ దిగి లాగేటప్పుడే ముప్పు. ఒడ్డున లారీ చక్రాల జాడలు కనిపిస్తే నదిలో గొయ్యి ఉందనే అనుకోండి.

చప్టాలు. నీటికి అడ్డంగా వేసిన లోతట్టు కాంక్రీటు దారుల కింద నీరు పోవడానికి తూములుంటాయి. పడవ గానీ మనిషి గానీ ఆ తూము నోటికి చిక్కితే నీరు ఒత్తేస్తుంది, లాగడం కష్టం. చప్టా కనిపిస్తే కనీసం యాభై మీటర్ల ముందే ఒడ్డుకు చేరి, పడవ మోసుకుని అవతల దించుకోవాలి. చెక్‌డ్యామ్ మీద నుంచి జారుదామని ఎవరైనా ఉత్సాహపడితే గట్టిగా ఆపండి. మోకాలి ఎత్తు కట్ట కిందైనా నీరు వెనక్కి తిరుగుతూ ఉంటుంది, పడ్డవాణ్ణి మళ్ళీ మళ్ళీ కట్ట దగ్గరికే లాగుతుంది.

పడిపోయిన చెట్లు. నీరు కొమ్మల మధ్య నుంచి వెళ్ళిపోతుంది, మీరు వెళ్ళలేరు. వంపు తిరిగే చోట బయటి ఒడ్డున ఇవి ఎక్కువ, వడి కూడా మిమ్మల్ని అటే తీసుకెళ్తుంది.

వలలు. చేపలు పట్టేవాళ్ళు నదికి అడ్డంగా వల కట్టి ఉంచుతారు. తేలే బెండ్ల వరస కనిపిస్తే అక్కడ వల ఉన్నట్టే. తెడ్డు తగిలి వల చిరిగితే వాళ్ళ ఆ రోజు కూలి పోయినట్టు.

ఊబి. పాయ ఇంకిపోయిన చోట పైన ఎండినట్టు ఉండి కాలు వేస్తే దిగబడుతుంది. కర్రతో పొడిచి చూసి నడవండి.

ఇవన్నీ ఫోన్‌లో ఒక్కొక్కటి గుర్తు పెట్టుకుంటూ రండి. పడవలో నుంచి చూస్తే ఒడ్డంతా ఒకలాగే ఉంటుంది. కాబట్టి ప్రతి ముప్పుకూ ముందు ఒడ్డున ఏదో ఒక గుర్తు కావాలి, ఒంటి తాటిచెట్టో, పంపుసెట్టు గదో.

3. వడి కొలవండి

ఒడ్డున పది మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. ఎగువ గుర్తుకు కొంచెం ముందు, నీటి మధ్యలోకి సగం నీళ్ళు పోసి మూత పెట్టిన బాటిల్ విసరండి. మొదటి గుర్తు నుంచి రెండో గుర్తు దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మూడుసార్లు చేయండి. ఖాళీ బాటిల్ వేస్తే గాలికి కొట్టుకుపోతుంది, లెక్క తప్పుతుంది. ఆ బాటిల్‌ని దిగువన ఒకరు నిలబడి పట్టుకోవాలి, నదిలో వదిలేయకూడదు.

ఇరవై సెకన్లు పడితే గంటకు రెండు కిలోమీటర్ల లోపు వడి. కొత్తవాళ్ళకు హాయిగా ఉంటుంది. పది సెకన్లు అంటే మీ నడక వేగం, అదే మీ హద్దు. ఏడెనిమిది సెకన్లలో దాటేస్తుంటే ఆ ముక్క వదిలేయండి. ఆ వడికి ఎదురు ఈదడం మీ వల్ల కాదు, మోకాలి పైకి నీరుంటే నిలబడటమూ కష్టమే.

వంపు దగ్గర, పాయ ఇరుకైన చోట విడిగా కొలవాలి. విశాలమైన రేవు దగ్గర కొలిచి అంతా అలాగే ఉందనుకోవడం అందరూ చేసే తప్పు.

4. ఊళ్ళోవాళ్ళతో మాట్లాడండి

దిగే రేవు దగ్గర, బయటికొచ్చే రేవు దగ్గర ఊరి పెద్దలకు చెప్పండి. సర్పంచ్‌కో, రేవు దగ్గర చేపలు పట్టే పెద్దాయనకో, "రేపు పొద్దున్న నలుగురం దిగుతున్నాం, మధ్యాహ్నానికి ఫలానా చోట ఎక్కుతాం బాబూ" అని చెబితే చాలు. మీరు రాకపోతే వెతికేది వాళ్ళే. దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పడం కూడా మంచిది. ఒడ్డు అటవీ భూమి అయితే ఫారెస్టు రేంజ్ ఆఫీసులో ముందే అడిగి వెళ్ళండి.

ఒడియా రాకపోయినా ఫర్వాలేదు, ఈ పక్క చాలా ఊళ్ళలో తెలుగు నడుస్తుంది. సవర గిరిజనుల ఊళ్ళలో పెద్దవాళ్ళకు తెలుగు రాకపోతే పిల్లల్ని పిలిచి అడగండి. ఒక్క ప్రశ్న మాత్రం ఒడియాలో నేర్చుకోండి: "పాణి బఢుఛి కి?" నీరు పెరుగుతోందా అని. దానికి వచ్చే జవాబు మొహంలోనే తెలిసిపోతుంది.

ఏనుగుల సంగతి కూడా అడగండి. వంశధార, నాగావళి మధ్య ఏనుగులు తిరుగుతుంటాయి. గుంపు దగ్గర్లో ఉందంటే ఆ వైపు ఒడ్డున ఆగొద్దు. రాత్రి ఇసుక తిన్నె మీద గుడారం వేసుకోవాలన్న ఆలోచన మొదటి ప్రయాణంలో అసలు పెట్టుకోకండి.

5. రాను పోను ఏర్పాటు

కొత్తవాళ్ళ ప్రయాణాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. నది మిమ్మల్ని కిందికి తీసుకెళ్తుంది, బండి మాత్రం పైన ఉండిపోతుంది.

బండ్లు రెండుంటే దిగే ముందే ఒకటి దిగువ రేవులో పెట్టి రండి. ఒకటే ఉంటే ఊళ్ళో ఆటో మాట్లాడుకుని, డ్రైవర్ నంబరు ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. గాలి పడవ ఉన్నవాళ్ళకు రైలు కూడా ఉంది. గుణుపూర్, కాశీనగర్, పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి అన్నీ నౌపడా–గుణుపూర్ లైను మీదే. పర్లాకిమిడి రాజావారి కాలంలో 1900లో మొదలైన చిన్న గేజి బండి ఇది, 2011లో గుణుపూర్ దాకా బ్రాడ్ గేజి రైలు వచ్చింది. పడవ మడిచి సంచిలో వేసుకుంటే సామాను కిందే పోతుంది. కాకపోతే రోజుకు కొద్ది బండ్లే, కాబట్టి ముందు బండి టైము చూసుకుని ఆ తర్వాత నదిలో దిగే టైము వేసుకోండి. బండి అందుకోవాలన్న టెన్షన్‌తో తెడ్డు వేసేవాళ్ళు నీటిని చూడరు. బండి తప్పితే ఎలా వెళ్ళాలో కూడా ముందే అనుకోండి.

6. ముందు రోజు సాయంత్రం

వాతావరణ శాఖ జిల్లా సూచన చూడండి. మీరు దిగే జిల్లా ఒక్కటే చూస్తే సరిపోదు. రాయగడ, గజపతితో పాటు కలహండి కూడా చూడాలి, నీళ్ళు వచ్చేది అటునుంచే. పిడుగుల కోసం దామిని యాప్ ఉంది. గుణుపూర్, కాశీనగర్ దగ్గర నీటిమట్టం కేంద్ర జల సంఘం కొలుస్తుంది, వానాకాలం అలవాటున్నవాళ్ళు అది కూడా చూసుకుంటారు. ఎగువ జిల్లాల్లో గట్టి వాన అని ఉంటే రెండు రోజులు ఆగండి. ఆకాశం మీ నెత్తిమీద నీలంగా ఉన్నా సరే.

7. ఒడ్డున అరగంట

నీళ్ళలోకి దిగే ముందు ఈ అరగంట ఎవరికీ మినహాయింపు లేదు, ఈత వచ్చినా సరే.

ముందుగా, చేరగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. పుల్ల అడుగు సరిగ్గా తడికీ పొడికీ మధ్య ఉండాలి. టైము చూసుకోండి. ఒక డిసెంబర్‌లో గుణుపూర్ దిగువన ఎనిమిదిన్నరకు పుల్ల గుచ్చి పడవలకు గాలి కొట్టడం మొదలుపెట్టాం. ఎండ బాగా కాస్తోంది, నీరు అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేటగా ఉంది. ఇరవై నిమిషాల తర్వాత చూస్తే పుల్ల చుట్టూ రెండు వేళ్ళ మేర నీరు ఎక్కింది. దాని పక్కనే ఎండుటాకులు, చిన్న చిన్న నురగ తుంపులు వరసగా తేలుతూ వస్తున్నాయి. పడవల గాలి తీసేశాం. ఒడ్డునే పులిహోర తిన్నాం, పిల్లలు చాలా నిరాశపడ్డారు. పన్నెండు గంటలకు, మేం మధ్యలో ఆగుదామనుకున్న ఇసుక తిన్నె కనిపించలేదు. ఎగువన ఎక్కడో రాత్రి వాన పడి ఉంటుంది. కాబట్టి పుల్ల మునిగినా, నీటి రంగు మారినా, ఆకులూ నురగా వరసగా వస్తున్నా ఆ రోజు దిగకండి. మధ్యలో ఎక్కడ ఆగినా అక్కడ మళ్ళీ పుల్ల గుచ్చాలి.

తర్వాత జాకెట్. అన్ని పట్టీలూ బిగించాక వెనక నుంచి ఒకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తండి. జాకెట్ గడ్డం దాటి లేస్తే అది పెద్దదైంది, లేదా పట్టీలు వదులుగా ఉన్నాయి. ఇది ఊరికే చెప్పడం లేదు. ఒకసారి ఒకచోట అద్దెకు తెచ్చిన జాకెట్లు చూడకుండా పంచేశాను. మా మేనల్లుడు నడుము లోతులో కూర్చోగానే జాకెట్ చెవులదాకా లేచిపోయింది, వాడి గడ్డం, నోరు దాని లోపలికి వెళ్ళిపోయాయి. నడుము లోతే కాబట్టి వాణ్ణి లేపి నిలబెట్టాను. ఆ తర్వాత ఒడ్డున దాన్ని చేత్తో నొక్కి చూస్తే లోపలి ఫోమ్ పొడిపొడిగా రాలింది. అప్పటి నుంచి ప్రతి జాకెట్టూ నేనే ఎత్తి చూస్తాను. తీసుకున్న వెంటనే నిలవ నీటిలో తేలి కూడా చూడండి: వెనక్కి వాలితే నోరు నీటికి పైన ఉండాలి.

ఈత రానివాళ్ళకు నా షరతు ఒక్కటే. జాకెట్ వేసుకుని నిలవ నీటిలో ఐదు నిమిషాలు వెల్లకిలా తేలి, భయం లేకుండా లేవాలి. అది అయితే ఈత వచ్చినవాళ్ళతో కలిసి ఇద్దరు కూర్చునే పడవలో రావచ్చు. కాకపోతే ఆ రోజు ఒడ్డున ఉండటం వాళ్ళకూ మనకూ మంచిది. పదేళ్ళ లోపు పిల్లల్ని పారే నీటిలోకి నేను తీసుకెళ్ళను. వాళ్ళను మోకాలి లోతు మడుగులో, తాడు కట్టిన పడవలో, ఒడ్డు పక్కనే తిప్పండి. తాడు పడవకే కట్టాలి, పిల్లలకు కాదు. వాళ్ళ సంతోషానికి అది చాలు.

పడవ తిరగబడటం కూడా ఒకసారి చేసి చూడండి. నడుము లోతు నిలవ నీటిలో ఒక్కొక్కరూ కావాలని పడవ తిప్పి, దిగి, తిరిగి సరిచేసి ఎక్కాలి. ఎక్కడం రావాలంటే పడవ మీద అడ్డంగా పొట్ట ఆనించి, కాళ్ళు నీటిలో ఆడిస్తూ పైకి పాకి, తర్వాత తిరిగి కూర్చోవాలి. చేతులతో ఒక్కసారి లేవాలని చూస్తే పడవ మీదికి వస్తుంది. మూడుసార్లు ఎక్కగలిగితే సిద్ధమైనట్టు.

ఇక పడవ గాలి. ఎండలో గట్టిగా కొడితే ట్యూబు ఉబ్బుతుంది, ఊట నీరు చల్లన కాబట్టి నీటిలో పెట్టగానే మెత్తబడుతుంది. అందుకే ఒడ్డున కొంచెం తక్కువ కొట్టి, పది నిమిషాలు నీటిలో ఉంచి, అప్పుడు బొటనవేలు లోపలికి దిగనంత గట్టిగా చేయండి. మధ్యాహ్నం ఆగినప్పుడు పడవను ఎండలో వదలకండి, నీడ లేకపోతే కొంచెం గాలి తీయండి.

8. నీటి మీద

అనుభవం ఉన్నవాళ్ళు ముందు, తాడు పట్టుకున్నవాళ్ళు చివర, కొత్తవాళ్ళు మధ్య. పడవకూ పడవకూ మధ్య నాలుగైదు పడవల దూరం ఉండాలి, కానీ కనుమరుగు కాకూడదు. ఒక్క ఈల అంటే "ఇటు చూడు". మూడు ఈలలు వరసగా అంటే ఆపద, అందరూ ఒడ్డుకు. నీళ్ళలో అరుపులు వినిపించవు, అందుకే ఈల.

నీటిని చదవడం ఒక్కటి నేర్చుకుంటే సగం పని అయినట్టే. ముందు నీటి మీద నాగలి కర్రులా మొన కనిపిస్తుంది. మొన మీ వైపు తిరిగి ఉంటే దాని కింద రాయో కొయ్యో ఉంది, పక్కకు తప్పుకోండి. మొన దిగువ వైపు ఉంటే అది రెండు రాళ్ళ మధ్య లోతైన దారి, అందులోంచి పోవచ్చు. నీటి మీద సన్నటి గీతల్లా వణుకు కనిపిస్తే అక్కడ ఇసుక పైకి ఉంది, పడవ ఆగుతుంది. అప్పుడు లేచి నిలబడొద్దు. కర్రతో లోతు చూసి, ఎగువ పక్కన దిగి, లాగండి.

వంపు వస్తే లోపలి ఒడ్డు పట్టండి. కొత్తవాళ్ళు బయటి వైపు లోతుందని అటే పోతారు, చెట్లలో చిక్కుకుంటారు. ఎప్పుడైనా పడవ పక్కవాటుగా రాయిని గుద్దుకునేలా ఉంటే రాయి వైపే ఒరగండి. భయంతో ఎగువ వైపు ఒరిగితే నీరు పడవలోకి ఎక్కి బోల్తా కొడుతుంది. ఇది మనసుకు వ్యతిరేకంగా అనిపిస్తుంది, అందుకే ఒడ్డునే కూర్చోబెట్టి పదిసార్లు ఒరగడం చేయించండి.

గంటకోసారి ఆగి నీళ్ళు తాగండి. చల్లటి నీటి మీద దాహం తెలియదు, ఒంటిగంటకు తల తిరుగుతుంది.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమైనది. చలికాలంలో ఈ ఇసుకలోనే చెలమలు తవ్వుకుని నీళ్ళు పట్టుకునే ఊళ్ళున్నాయి. ఒక ఉదయం ఒక అమ్మ చెలమ పక్కన గొంతుక్కూర్చుని, స్టీలు గిన్నెతో అడుగు కదలకుండా తేట నీటిని తోడి, బిందె మూతికి కట్టిన గుడ్డ మీద పోస్తోంది. ఒక్క బిందెకు దగ్గర దగ్గర పావుగంట పట్టింది. మేం పడవలు లాక్కుంటూ ఆ పక్కనుంచి నడిచి ఉంటే అదంతా బురదయ్యేది. చెలమ కనిపిస్తే చాలా దూరంగా చుట్టు తిరిగి వెళ్ళండి. నదిలో సబ్బు వద్దు. కాలకృత్యాలకు గట్టెక్కి, నీటికి వంద అడుగుల అవతలికి పోయి, గుంట తీసి పూడ్చండి.

9. తిరగబడితే

వెల్లకిలా పడుకుని, కాళ్ళు దిగువకు చాపి, కాలి వేళ్ళు నీటిపైకి కనిపించేలా తేలండి. పారే నీటిలో లేచి నిలబడటానికి ప్రయత్నించకండి. కాలు రెండు రాళ్ళ మధ్య చిక్కితే నీరు వీపు మీద ఒత్తి ముందుకు పడేస్తుంది. వడి తగ్గి, పిరుదులు ఇసుకకు తగిలాక లేవండి. పడవ మీకు దిగువన ఉండాలి, మీరు పడవకూ రాయికీ మధ్య ఎప్పుడూ ఉండకూడదు. చెట్టు కొమ్మల వైపు పోతుంటే మాత్రం పడవ వదిలేసి, బోర్లా తిరిగి, పక్కకు గట్టిగా ఈదండి.

మిగతావాళ్ళు మనిషిని చూసుకోవాలి, పడవ సంగతి తర్వాత. ఒడ్డున నిలబడి తాడు సంచి విసరండి, తాడు పడ్డవాళ్ళ భుజం మీదుగా వెళ్ళాలి. వాళ్ళు తాడును ఛాతీకి పట్టుకుని వెల్లకిలా ఉండాలి. తాడును ఎవరూ చేతికి చుట్టుకోవద్దు, నడుముకు కట్టుకోవద్దు. ఇంట్లో మెట్ల మీద నుంచి పదిసార్లు విసిరి చూడండి, నది దగ్గర మొదటిసారి విసిరితే అది మీ కాళ్ళ దగ్గరే పడుతుంది.

ఎవరైనా నీళ్ళు మింగి దగ్గుతూ ఉంటే, తర్వాత బాగున్నానన్నా ఆ రోజుకు పడవ ఎక్కించకండి, డాక్టరుకు చూపించండి. ఆంబులెన్సుకు 108, మిగతా సాయానికి 112, రెండూ ఆంధ్ర, ఒడిశా సరిహద్దుకు ఇటూ అటూ పనిచేస్తాయి. సిగ్నల్ లేని చోట ఒకరు గట్టెక్కి ఊళ్ళోకి పరుగెత్తాలి, ఆ ఒకరెవరో పొద్దున్నే అనుకుని ఉంచండి.

10. బయటికొచ్చాక

దిగువ రేవు నీటి మీద నుంచి చూస్తే గుర్తుపట్టలేరు. పొద్దున్నే అక్కడ రంగు గుడ్డ ఒకటి కొమ్మకు కట్టి ఉంచండి, వెళ్ళేటప్పుడు విప్పుకుని వెళ్ళండి. డిసెంబర్‌లో ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. రెండు గంటలకు మీరు సగం దారిలోనే ఉంటే పూర్తి చేయాలని పట్టుబట్టకండి, దగ్గరి ఊరి రేవులో ఎక్కేసి ఆటో పిలవండి. అందుకే ముందు రోజు నడిచినప్పుడు మధ్యలో బయటపడే దారులు రెండైనా గుర్తు పెట్టుకోమంటాను.

ప్రయాణం సరిగ్గా జరిగిందా లేదా అన్నది ఇలా చూసుకోండి. వేసుకున్న టైముకూ పట్టిన టైముకూ అరగంట కంటే ఎక్కువ తేడా వచ్చిందా? వస్తే ఇసుకలో లాగిన దూరం మీ లెక్కలో లేదు, వచ్చేసారి కలపండి. ఎవరైనా అనుకోకుండా తిరగబడ్డారా? పడితే ఎక్కడ, వంపులోనా, ఇసుక అంచునా? అదే చోట ఇంకోసారి చేసి చూడాలి, దూరం పెంచకూడదు. మీ తాగునీళ్ళు మిగిలాయా? ఒక్కరికైనా భుజాలు పట్టేసి చేయి లేవడం లేదా? నలుగురూ హాయిగా ఉండి, పొద్దున్న పెట్టుకున్న గుర్తులన్నీ నీటి మీద నుంచి గుర్తుపట్టగలిగితే, వచ్చేసారికి రెండు కిలోమీటర్లు కలపండి.

పడవలు ఇంటికెళ్ళాక నీడలో పూర్తిగా ఆరబెట్టి మడవండి, తడిగా మడిస్తే అతుకులు ఊడతాయి. జాకెట్లు కడిగి తగిలించండి, వాటి మీద కూర్చోవడం, ఎక్కి తొక్కడం వద్దు, ఫోమ్ చచ్చిపోతుంది. బండి ఎక్కే ముందు రేవు దగ్గర మాట చెప్పిన పెద్దాయనకు, ఇంట్లో ఎదురుచూసేవాళ్ళకు "అందరం ఎక్కేశాం" అని ఫోన్ చేయండి. లేదంటే చీకటి పడ్డాక ఆయన టార్చిలైటు పట్టుకుని ఒడ్డు వెంట వెతుకుతూ ఉంటాడు.